వెన్ను దెబ్బతిన్న ఇంటికి కొన్ని తలకిందుల సలహాలు

భిలాయిలో మా మరోదా సెక్టర్లో ఎవరికైనా వెన్నుపాము దెబ్బతిందని తెలిస్తే రెండు కబుర్లు మాత్రం తప్పకుండా ఆ ఇంటికి చేరతాయి. కాళ్లే కదలనప్పుడు కసరత్తు ఎందుకు, కదపకుండా పడుకోబెట్టండి అన్నది మొదటిది. ఫలానా ఊళ్లో స్టెమ్ సెల్స్ ఎక్కిస్తున్నారట, ఆలస్యమైతే లాభం ఉండదట, ఎలాగోలా డబ్బు సర్దండి అన్నది రెండోది. విజయనగరం నుంచి సమతా ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి దుర్గ్‌లో దిగిన చుట్టాలు పుత్తూరు కట్టు మాట కూడా ఎత్తుతారు. అందరూ ప్రేమతోనే చెబుతారు. ఆ ప్రేమ వల్లే పిరుదుల మీద గుంటలు పడ్డ పుండ్లు, ఊళ్లో అమ్ముడుపోయిన పొలాలు చూశాను కాబట్టి నేను చెప్పేవన్నీ వాటికి అడ్డంగానే ఉంటాయి. "ఇదేం సలహా తల్లీ" అంటారు. అననివ్వండి.

కదలని కాళ్లకే ముందు కసరత్తు మొదలుపెట్టండి. వెన్నెముక కుదురుకుందని డాక్టరు చెప్పిన రోజు నుంచే పెట్టండి. దెబ్బ తగిలిన చోటికి దిగువన వెన్నుపాము చచ్చిపోదు, దానికి మెదడుతో మాటలు తెగిపోతాయి. వెన్నుపాము పూర్తిగా తెగిన పిల్లుల్ని ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టి రోజూ నడిపిస్తే వాటి వెనక కాళ్లు మళ్లీ అడుగులు వేయడం నేర్చుకున్నాయని ఎన్నో ఏళ్ల కిందటే చూశారు. అడుగు వేయించే నరాల అల్లిక నడుము దగ్గర వెన్నుపాములోనే ఉంది మరి. మనిషిలో అది అంత తేలిగ్గా మేలుకోదు, ఒప్పుకుంటాను. అయినా అరికాలికి నేల తగలడం, తుంటి వెనక్కి సాగడం, ఒంటి బరువు కాలి మీద పడడం ఇవన్నీ ఆ అల్లికకు అందే కబుర్లే. నెలల తరబడి ఏ కబురూ అందకపోతే అది పని మరిచిపోతుంది. ఈలోగా కండ కరిగిపోతుంది, ఎముక పలచబడుతుంది, మడమ వెనక స్నాయువు కుంచించుకుపోయి పాదం కిందికి వాలిపోతుంది. అప్పుడు ఏ దేశపు కణాలు తెచ్చి ఎక్కించినా నిలబడడానికి పాదం ఉండదు.

ఇక ఆ కణాల సంగతి. దెబ్బతిన్న వెన్నుపాములోకి ఎక్కించిన కణాల్లో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే చచ్చిపోతాయి. అక్కడ వాపు ఉంటుంది, రక్తం సరిగా అందదు, పాత గాయమైతే మచ్చ గట్టిపడి ఉంటుంది. బతికిన కాసిని కణాలు కూడా ఏ నరంతో కలవాలో తెలియక నిలిచిపోతాయి. దమ్ము పట్టని మడిలో నారు నాటితే ఏమవుతుందో శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. కసరత్తు చేసేది ఆ దమ్ము పట్టే పనే. ఎలుకల మీద చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలో, నాడీ మూలకణాలు ఎక్కించాక ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే ఐజీఎఫ్-1 అనే పెరుగుదల ప్రోటీన్ సాయంతో ఎక్కువ కణాలు బతికాయి. టోక్యోలో కేయో విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో గాయం పాతబడిన చుంచెలుకల్లో ఇదే చూశారు. కణాలకు నడక శిక్షణ తోడైనప్పుడు కాళ్లలో మెరుగు కనిపించింది. కండరం పని చేస్తున్నప్పుడు వెన్నుపాములో బీడీఎన్ఎఫ్ అనే మరో ప్రోటీన్ కూడా పెరుగుతుంది. నరాల కొసలు కొత్త దారులు పట్టడానికి అది పనికొస్తుంది. ఇవన్నీ ఎలుకల లెక్కలు, మనిషి దాకా నిక్కచ్చిగా వచ్చిన లెక్కలు కావు. అయితే ఎలుకల్లో కూడా కణాలకు తోడు కావలసి వచ్చిందంటే, మంచం దిగని మనిషికి అవి ఒంటరిగా ఏం చేస్తాయి?

మనుషుల్లో అందరూ చెప్పుకునేది పోలండ్ కథ. 2010లో కత్తిపోట్లకు వెన్నుపాము తెగిన డారెక్ ఫిడికాకు 2012లో వ్రోట్స్వాఫ్ నగరంలో డాక్టర్ పావెల్ తబాకోవ్ బృందం ఆపరేషన్ చేసింది. ముక్కుకూ మెదడుకూ మధ్య వాసన పసిగట్టే చోటు నుంచి కణాలు తీసి, పెంచి, తెగిన చోటికి పైనా కిందా ఎక్కించారు. ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీకి అతని చీలమండ దగ్గరి నరం ముక్కలే వంతెనగా పెట్టారు. లండన్ శాస్త్రవేత్త జెఫ్రీ రైస్మన్ ఎన్నో ఏళ్లుగా పట్టుకున్న దారి అది. నిజానికి అవి స్టెమ్ సెల్స్ కావు, వాసన నరాలకు తోడుండే కణాలు. పేపర్లన్నీ ఆ కణాల గురించే రాశాయి. నేను పట్టుకున్నది మాత్రం కసరత్తు లెక్క. ఆపరేషన్‌కు ముందు నెలల తరబడి గట్టిగా కసరత్తు చేయించి, ఒట్టి కసరత్తుతో మార్పు రావడం లేదని రూఢి చేసుకున్నాకే కత్తి పట్టారు. తర్వాత రోజుకు ఐదు గంటలు, వారానికి ఐదు రోజులు. మూడు నెలలకు ఎడమ తొడకు కండ పట్టింది. ఆరు నెలలకు కాళ్లకు క్యాలిపర్లు, పక్కన ఫిజియో, చేతుల కింద పారలల్ బార్లతో మొదటి అడుగులు పడ్డాయి. ఒక్క మనిషి ఫలితం పట్టుకుని మందు దొరికేసిందని నేను అనను. అదే జాతి కణాలతో ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ విశ్వవిద్యాలయం చేపట్టిన ప్రయోగంలో కూడా కసరత్తును పక్కన పెట్టలేదు, చికిత్సలో భాగంగానే పెట్టుకున్నారు. మన దగ్గర మాత్రం ఐదు గంటలు వదిలేసి కణాలే కొనుక్కొద్దామని చూస్తారు.

ఆసనంలో వేలు పెట్టి చేసే పరీక్షకు సిగ్గుపడకండి. మీ మనిషికి దెబ్బ సంపూర్ణమా, కొంత దారి మిగిలిందా అన్నది తేలేది అక్కడే. వేలు తగిలినట్టు తెలుస్తోందా, బిగించగలుగుతున్నాడా అని చూసి ఇంగ్లిష్ ఏ నుంచి ఈ దాకా ఒక అక్షరం వేస్తారు. ఆ అక్షరం, తేదీ కాగితం మీద రాయించుకోండి. ఎమ్మారై ఫిల్ములు ఎన్ని ఉన్నా ఈ కాగితానికి సాటి రావు.

వీల్ చైర్ తొందరగా కొనండి. "కుర్చీ ఎక్కిస్తే ఇక ఆశ వదులుకున్నట్టే కదా వదినా, ఇంకొన్నాళ్లు చూద్దాం" అని ఆడపడుచు అంటుంది. ఆ ఇంకొన్నాళ్లూ అతను మంచం మీదే ఉంటాడు. కుర్చీ అంటే రోజుకు పది గంటలు నిటారుగా కూర్చోవడం, ఊపిరితిత్తులు విప్పారడం, భుజాలు బలపడడం, గుమ్మం దాటి వీధిలోకి రావడం. కేరళలో పుట్టిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. ఆవిడ వీల్ చైర్లో కూర్చునే వెల్లూరులో కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. పెర్త్‌లో పునరావాస చికిత్స తీసుకుని, న్యూయార్క్‌లో హోవార్డ్ రస్క్ దగ్గర చదువుకుని తిరిగొచ్చి, వెల్లూరు సీఎంసీలో ఆ వైద్యానికే విభాగం నిలబెట్టారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం తెరిచారు. మన తెలుగువాళ్లు గుండెకూ కిడ్నీకీ వెల్లూరు పరుగెత్తుతారు గానీ, వెన్ను దెబ్బతిన్నవాళ్లకు అక్కడ మొదటి నుంచీ ఒక ఇల్లు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఉన్న ఇండియన్ స్పైనల్ ఇంజ్యురీస్ సెంటర్‌ను పెట్టిందీ వీల్ చైర్లో ఉన్న మనిషే, 1965లో ఎవరెస్ట్ ఎక్కి, అదే ఏడు పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో తూటా తగిలిన మేజర్ అహ్లూవాలియా. ఆ యుద్ధంలోనే తూటాలు తిన్న మురళీకాంత్ పేట్కర్ చికిత్స కోసం ఈత పట్టి, 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచాడు. కుర్చీ వీళ్లెవరినీ ఆపలేదు.

సేవ తగ్గించండి. ఈ మాటకు నన్ను తిట్టని అమ్మ లేదు. "వాడు చెమట్లు కక్కుతూ చొక్కా వేసుకుంటుంటే చూస్తూ ఎలా కూర్చోమంటావమ్మా" అంటారు. కూర్చోవాలి. చొక్కా వేసుకోవడానికి ముప్పావు గంట పడితే ఆ ముప్పావు గంటా కసరత్తే. మంచం మీంచి కుర్చీలోకి పలక మీద జరగడం, రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి పిరుదులు పైకెత్తడం, ఇవి అతని పనులు. పావుగంటకో అరగంటకో ఒకసారి అలా ఎత్తకపోతే కింద చర్మానికి రక్తం అందదు. రాత్రి పడక మీద రెండు గంటలకోసారి పక్క మార్చాలి. అది మాత్రం ఇంట్లోవాళ్ల డ్యూటీ. మన సెక్టర్లో షిఫ్టులు ఎవరికీ కొత్త కావు కాబట్టి, గోడ మీద కాగితం అంటించి ఎవరు ఎన్ని గంటలకో రాసుకోండి.

కసరత్తు సామాను దుకాణంలో కొనకండి, చేయించండి. ఉక్కు ఊళ్లో ఉన్నాం, వెల్డింగ్ తెలిసినవాడు లేని వీధి ఉండదు. ఒకటిన్నర అంగుళాల జీఐ పైపులు రెండు, పదేసి అడుగులవి తీసుకోండి. మధ్యలో భుజాల వెడల్పు కన్నా రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఖాళీ వదలండి. ఎత్తు లెక్క ఇది: మనిషి నిలబడి బారు పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా మడిచి ఉండాలి, పూర్తిగా చాపి ఉండకూడదు. బారు కాళ్ల కింద పలకలు వేసి నేలకు బోల్టులు బిగించండి. ఊగే బారు కన్నా అసలు బారు లేకపోవడమే నయం. క్వార్టర్ వరండాలో ఇది సరిపోతుంది.

అక్కడ మొదటిసారి నిలబెట్టడం ఒక్కరోజులో అయ్యే పని కాదు, ఇంట్లోవాళ్లు ఒంటరిగా చేసే పనీ కాదు. నెలలు మంచం మీద ఉన్న ఎముక పలచబడి ఉంటుంది, నిలబడొచ్చని డాక్టరు చెప్పాలి, పక్కన ఫిజియో ఉండాలి. మోకాళ్లకు వెనక నుంచి పట్టీలు బిగిస్తారు, పొట్టకు బెల్టు చుడతారు. లేవగానే రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. మీరు అతని కాళ్లు చూడకండి, పెదాలు చూడండి. పెదాలు పాలిపోయి, మాట నెమ్మదించి, చూపు ఒకేచోట నిలిచిపోతే వెంటనే కూర్చోబెట్టి కుర్చీని వెనక్కి వాల్చి కాళ్లు పైకెత్తాలి. మొదటిరోజు రెండు నిమిషాలు నిలబడితే చాలు. వాచి వెచ్చగా ఉన్న కాలితో మాత్రం ఏ కసరత్తూ వద్దు. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, నొప్పి తెలియకుండానే ఎముక విరిగి ఉండొచ్చు. నేరుగా సెక్టర్ నైన్ ఆస్పత్రికో, రాయపూర్ ఎయిమ్స్‌కో వెళ్లండి.

గట్టిగా లాగి నూనె పట్టించేవాణ్ణి ఇంట్లోకి రానివ్వకండి. బిగుసుకున్న కీలును బలవంతంగా వంచితే చుట్టూ ఉన్న కండలో ఎముక పుట్టుకురావచ్చు, అలా వస్తే ఆ కీలు కదలకుండా బిగుసుకుపోవచ్చు. వేడినీళ్ల సంచీ కూడా వద్దు. స్పర్శ లేని చర్మం కాలిపోయినా అతనికి తెలియదు. పుత్తూరు కట్టు కోసం విరిగిన వెన్నును బండిలో కుదిపి తీసుకెళ్లడం గురించి ఇంతకన్నా చెప్పను.

ఎక్కించే కణాలు ఉచితమైతేనే నమ్మండి. మనం బజార్లో నేర్చుకున్న తెలివికి ఇది పూర్తిగా ఎదురు, ఉచితం అనగానే నాసిరకం అనుకుంటాం. ఇక్కడ లెక్క తిరగబడింది. మన దేశంలో స్టెమ్ సెల్ వైద్యం మీద భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో జాతీయ మార్గదర్శకాలు ఇచ్చింది. కొన్ని రక్త జబ్బులకు చేసే ఎముక మజ్జ మార్పిడి లాంటివి తప్ప, మిగతా వాడకమంతా ఇంకా పరిశోధనే. పరిశోధన అయితే రోగి దగ్గర పైసా తీసుకోకూడదు. కాబట్టి మీ దగ్గర లక్షలు అడిగారంటే అది రుజువైన వైద్యమూ కాదు, పద్ధతైన పరిశోధనా కాదు. ఇల్లు తాకట్టు పెట్టడానికి ఇంకేం మిగిలింది? పోతే డబ్బే కదా, ప్రయత్నిద్దాం అనేవాళ్లకు పోర్చుగల్ సంగతి చెప్పాలి. అక్కడ ముక్కు లోపలి పొర తీసి వెన్నుపాములో పెట్టించుకున్న ఒక అమెరికన్ యువతికి ఎనిమిదేళ్ల తర్వాత నొప్పి మొదలైంది. వెన్నులో చీమిడి ఊరే గడ్డ పెరిగింది. డాక్టర్లు దాన్ని కోసి తీశారు, 2014లో వైద్య పత్రికలో రాశారు. ఎక్కించిన కణాన్ని వెనక్కి పిలవలేం.

కాలివేలు కదిలినా ఎవరికీ ఫోన్ చేయకండి. ముందు నోట్‌బుక్‌లో తేదీ రాయండి. దెబ్బ తగిలిన మొదటి ఆరు నెలల్లో చాలామందికి కొంత బలం దానంతట అదే తిరిగొస్తుంది, కొందరిలో ఏడాది దాటాక కూడా వస్తూ ఉంటుంది. సరిగ్గా ఆ నెలల్లోనే కణాలు అమ్మేవాళ్లు పట్టుకుంటారు. సూది వేసి, నెలరోజులు ఫిజియోథెరపీ చేయించి, కాలు కదలగానే మా కణాల మహిమ అంటారు. అది కణాలదా, కసరత్తుదా, కాలానిదా అని విడదీసి చెప్పేవాడు అక్కడ ఒక్కడూ ఉండడు. పెద్ద దేశాలకూ ఈ చిక్కు తప్పలేదు. జపాన్ 2018లో రోగి మజ్జ నుంచి తీసిన కణాలతో స్టెమిరాక్ అనే చికిత్సకు షరతులతో అనుమతి ఇస్తే, 13 మంది మీద, పోల్చడానికి మరో జట్టు లేకుండా చేసిన పరీక్షతో ఎలా ఇచ్చారని ప్రపంచమంతా శాస్త్రవేత్తలు నిలదీశారు. కేయో విశ్వవిద్యాలయం ఐపీఎస్ అనే మూలకణాల నుంచి పెంచిన నాడీ కణాలు నలుగురికి ఎక్కించి 2025లో ఫలితాలు చెప్పింది. ఇద్దరిలో మెరుగు కనిపించింది, ఒకరు నిలబడగలిగారు. అది నిజంగా ఆశ కలిగించే కబురే, నాకూ సంతోషమే. కానీ ఆ నలుగురికీ కణాలు ఎక్కించింది దెబ్బ తగిలిన కొద్ది వారాల్లోనే. అందుకే తూకం కణాల వైపా, కాలం వైపా అని వాళ్లే తేల్చి చెప్పలేదు. మీ నోట్‌బుక్‌లో రోజువారీ లెక్క ఉంటే మీ ఇంటి మటుకు ఆ తూకం కొంతైనా తెలుస్తుంది.

కసరత్తుకు ముందు మూత్రం సంచీ ఖాళీ చేయించండి. ఛాతీ ఆరో వెన్నుపూస (టీ6) దగ్గర గానీ అంతకు పైన గానీ దెబ్బ తగిలినవాళ్లకు నిండిన మూత్రాశయం, మెలిపడిన క్యాథెటర్ పైపు ఒక్కసారిగా బీపీని ప్రమాదం దాకా పెంచుతాయి. తల పగిలే నొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు కనిపిస్తే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, పైపు చూడండి. ఈ లక్షణాలు తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పడుకోబెట్టడం మాత్రం చేయకండి, ఇంట్లోవాళ్లు ముందు చేసేది అదే.

చెమట పట్టించాలని ఎండలో చేయించకండి. దెబ్బకు దిగువన చెమట సరిగా పట్టదు, ఒళ్లు చల్లబడదు. ఇక్కడి మే నెల ఎండ సంగతి మీకు తెలుసు. తెల్లవారుజామున చేయించండి, పక్కన తడి తువ్వాలు పెట్టుకోండి. ఎంత చేయాలంటే, 2018లో వచ్చిన అంతర్జాతీయ సూచన ప్రకారం చేతులతో రొప్పు వచ్చేలా 20 నిమిషాలు వారానికి రెండుసార్లు, దాంతోపాటు పనిచేసే ప్రతి పెద్ద కండరానికీ మూడేసి విడతల బరువు పని రెండుసార్లు. ఇది కనీసం. నడక శిక్షణ దీనికి అదనం.

ఎప్పుడో ఒకరోజు నిజమైన పరిశోధన నుంచే మీకు పిలుపు రావచ్చు. అప్పుడు కణాలు ఎక్కడివని ముందు అడగకండి. దేశంలో వైద్య ప్రయోగాలు నమోదయ్యే సీటీఆర్‌ఐలో నంబరు ఎంత, ఎథిక్స్ కమిటీ ఏది, ఏదైనా చెడు జరిగితే ఎవరు చూసుకుంటారు అని అడగండి. ఆ తర్వాత, కణాలకు ముందు ఎన్ని వారాలు కసరత్తు చేయిస్తారు, తర్వాత ఎన్ని గంటలు, ఎన్ని నెలలు, కసరత్తు మాత్రమే చేసే జట్టు పోలికకు ఉందా అని అడగండి. జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయండి. జవాబు బాగుంటే వాళ్లు మీ మనిషిని పరీక్షిస్తారు. బెడ్‌సోర్ ఉన్నవాళ్లను, కీళ్లు బిగుసుకుపోయినవాళ్లను, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లను ఇలాంటి పరిశోధనల్లోకి సాధారణంగా తీసుకోరు. ఆ రోజు అతని మడమలు తిప్పి చూస్తారు, మోకాళ్లు వంచి చూస్తారు, పిరుదుల మీద దుప్పటి తీసి చూస్తారు. కాబట్టి ఇవాళే మీరు చూడండి.